మాహూరు దారిలో పోలెలు తిన్న బేరింగు

మాహూరు కొండ మీద రేణుకమ్మను చూడాలంటే మెట్లెక్కాలని అందరూ చెబుతారు. ఆ మెట్ల దాకా చేరాలంటే మీ కారు కడుపులో, ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య, రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద బేరింగు ఒకటి సక్రమంగా తిరగాలని మాత్రం ఏ భక్తుడూ చెప్పడు. నాకూ చెప్పలేదు. అందుకే నాందేడు నుంచి ఒక్క పూటలో అయ్యే ప్రయాణం నాకు రెండు రోజులు పట్టింది. దారి పొడుగునా దేవుడి పేరు కంటే ఒక మెకానిక్కు పేరు ఎక్కువసార్లు తలుచుకున్నాను.

కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని మా బావమరిది అన్నాడు. మర్యాదగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళవి కూడా చదవండి. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటికొచ్చాను. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టిందని మా సారు చెప్పేవాడు.

మంజీర దాటాక

ముందు మొక్కు సంగతి చెప్పాలి. మా అమ్మ ఒక వానాకాలం గచ్చు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీద పడుకుని పైకప్పు కేసి చూస్తూ మొక్కుకుంది. "కాలు నిలవడితే నా కొడుకు బండిల కూసోని వచ్చి నీకు పోలెలు వెడత తల్లీ" అని. పోలెలంటే తెలుసు కదా, శనగపప్పు, బెల్లం పూర్ణం పెట్టి కాల్చేవి. మరాఠీవాళ్ళు పూరణ్ పోళీ అంటారు.

బండిని మొక్కులో పెట్టేటప్పుడు బండిగలవాణ్ణి ఒక మాట అడగాలి కదా. అడగలేదు. ఆ బండి నా పెళ్లి కంటే పాతది. బోధన్‌లో నాకు టెంటు హౌసు ఉంది. షామియానాలు, వంటగిన్నెలు మోసి మోసి ఆ డీజిలు కారుకు నడుము వంగింది. అయినా అమ్మ కాలు పూర్తిగా మడవదు, బస్సు మెట్టు ఎక్కలేదు. ఈ కారు ముందు సీట్లో అయితే కాలు చాపుకుని కూర్చోగలదు. పైగా మొక్కులో "నా కొడుకు బండి" అని ఉంది. వేరే బండి ఎక్కితే చెల్లదట. కోర్టులో వకీళ్ళకు కూడా ఇంత పట్టింపు ఉండదు.

ఇంకో షరతు ఉంది. పోలెలు ఏ రోజువి ఆ రోజే పెట్టాలి. పొద్దు గుంకితే పాసి, ఇక పనికిరావు. పొయ్యి ముట్టించినప్పటి నుంచి అమ్మవారికి నైవేద్యం అందేదాకా అమ్మ నీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. ఆమెకు బీపీ గోళీ ఉంది, తిన్నాకే వేసుకోవాలని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"డాక్టరుకేం దెల్సు, ఆయన ఎప్పుడన్న మాహూర్ పోయిండా?" అని అమ్మ.

మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. మైలురాళ్ళ మీద అక్షరాలు మారతాయి, చాయ్ గ్లాసు సగానికి సగం అవుతుంది, 'అన్నా' కాస్తా 'భావూ' అవుతుంది. మా కారు కూడా అక్కడే భాష మార్చింది. బిలోలిలో రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వస్తే ఆపాను. క్లచ్చు తొక్కి, గేరులోనే ఉంచి నిలబెట్టానో లేదో లోపల నుంచి కీ... కర్ర్... అని అరుపు. కాలు తీసి గేరు వదిలేస్తే గప్‌చుప్. మళ్ళీ తొక్కితే మళ్ళీ అరుపు.

"తొక్కితే ఒర్లుతది, ఇడిస్తె ఊకుంటది. అచ్చం నీ లెక్కనే ఉన్నదిరా నీ బండి" అంది అమ్మ.

మనోడి దుకాణం

నాందేడులో మా చిన్నమ్మ ఉంటుంది. చిన్నాయన రైల్వేలో పనిచేసి అక్కడే ఇల్లు కట్టి, అక్కడే కాలం చేశాడు. చిన్నమ్మ ఇంట్లో మరాఠీ సీరియల్ నడుస్తుంది, వంటింట్లో చింతపండు పులుసు ఉడుకుతుంది. అమ్మ, చిన్నమ్మ కలిసి పోలెలు చేయడం చిన్నప్పటి నుంచీ వాళ్ళ ఆనవాయితీ. అందుకే నాందేడు మీదుగా వచ్చాం.

కారు అరుపు విని చిన్నమ్మ వెంటనే అంది. "మనోడే ఉన్నడు బిడ్డా. తెలుగోడు. మరాఠోళ్ళ కాడికి పోయి నోరు తిరగక ఎందుకు పరేషాన్ అయితవ్?"

నాందేడులో మనవాళ్ళకు ఇదొక అలవాటు. పంటి డాక్టరైనా, పాలవాడైనా, పైపులు బాగుచేసేవాడైనా పని వచ్చా రాదా అని అడగరు. మనోడేనా అని అడుగుతారు. బోధన్‌లో అందరమూ మనోళ్ళమే కాబట్టి అక్కడ ఎవరినీ నమ్మం. అది క్షేమం. ఊరుగాని ఊళ్ళో తెలుగు మాట వినపడగానే తాళంచెవి తీసి చేతిలో పెట్టేస్తాం.

నేనూ పెట్టాను. ఆ దుకాణం ఏ వీధిలో ఉందో రాయను. రాస్తే మీరు చూడ్డానికి పోతారు, అదీ ఆయనకు బేరమే అవుతుంది. అందరూ ఆయన్ని సేట్ అంటారు. పొట్ట ముందు నడుస్తుంది, సేట్ వెనక వస్తాడు.

"బోధనా? అయ్యో బావా, మా మేనత్తను ఆడనే ఇచ్చిండ్రు! చాయ్ తాగు. మనదే దుకాణం" అన్నాడు.

బోధన్‌లో ఆయన మేనత్త ఇల్లు ఏ గల్లీయో తేలేసరికి చాయ్ రెండుసార్లు వచ్చింది. ఆ తర్వాత కారు సంగతి. సేట్ సీట్లో కూర్చోకుండానే, కాలు పెట్టి తొక్కకుండానే, బానెట్టు మీద చెయ్యి వేసి నాడి చూసినట్టు చూసి తేల్చేశాడు.

"క్లచ్చుకాడి రిలీజు బేరింగు పోయింది. గేర్‌బాక్సు దించాలె. నువ్వు బేఫికర్ ఇంటికి పో, పిట్ల తిను, పండు. పొద్దుగాల బండి సుయ్‌మంటది."

"సేట్, ఎట్లైన దించుతున్నవ్ గదా. లోపల ఇంకేమన్న ఖరాబున్నా అది గూడ మార్చు. ముసలామెను మాహూర్ తీస్కపోవాలె. మొక్కున్నది" అన్నాను.

"మీ అమ్మ మా అమ్మ గాదా?" అన్నాడు సేట్, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

ఆ పూట చిన్నమ్మ చేతి జొన్నరొట్టె, శనగపిండి ఉడికించిన పిట్ల, పచ్చిమిర్చి దంచిన ఠేచా తిన్నాను. మన పచ్చడి నాలుక మీద మండితే ఈ ఠేచా చెవుల్లో మండుతుంది. ఆ మంట నాకు రెండు రోజుల వరకూ పనికొస్తుందని అప్పుడు తెలియదు.

భోకర్: అరుపు తిరిగొచ్చింది

మర్నాడు తెల్లవారుతూనే అక్కాచెల్లెళ్ళు పొయ్యి ముట్టించారు. ఒకావిడ ఒత్తుతుంటే ఒకావిడ కాల్చింది. కాలుస్తున్నంతసేపూ ఎప్పుడో చనిపోయిన తమ మేనమామను ఇద్దరూ కలిసి తిట్టారు. అదీ ఆనవాయితీలో భాగమేనట. పోలెలు మోదుగాకుల్లో చుట్టి ఇత్తడి డబ్బాలో పెట్టారు. అమ్మ గోళీలు కొంగున కట్టుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

సేట్ మాటకు తగ్గట్టే కారు సుయ్‌మంది. అరుపు లేదు. నాందేడు దాటి, ముద్‌ఖేడ్ దాటి పత్తిచేల మధ్య పోతుంటే "మనోడు మనోడేనే" అని అమ్మతో అన్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

భోకర్‌లో చాయ్ కోసం ఆపాను. మళ్ళీ బయల్దేరదామని క్లచ్చు తొక్కితే... కీ... కర్ర్...

నిన్నటిది పిల్ల. ఇవాళ్టిది తల్లి. చాయ్ బండి దగ్గర ఉన్న జనమంతా లేచొచ్చారు. మన దగ్గర బండి ఆగితే ఇద్దరు తోస్తారు, ఒకడు సలహా ఇస్తాడు. అక్కడ అందరూ సలహాదారులే. ఒకాయన బెల్టు అన్నాడు. ఒకాయన సైలెన్సరన్నాడు. పైజామా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన చాలాసేపు విని, "పావ్ణా, గాడీ వికూన్ టాకా" అన్నాడు. బండి అమ్మి పారెయ్యి అని. పావ్ణా అంటే చుట్టం. ఆ ప్రాంతంలో కొత్తవాణ్ణి చుట్టమని పిలిచి మరీ ఎగతాళి చేస్తారు.

సేట్‌కు ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే బిజీ. ఆ తర్వాత ఫోను బందు.

వెనక్కి నాందేడు పోదామన్నాను. అమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి, "పోలెలు మాహూర్ మొకం సూస్తున్నయ్. ఎనుకకు తిప్పద్దు" అంది.

"అమ్మా, బండి ఆగిపోతె?"

"ఆగినప్పుడు సూద్దాం. ముందుగాల నువ్వు ఒర్లుడు ఆపు. నీది, బండిది కలిపి నాకు తల తిరుగుతున్నది."

తల ఎందుకు తిరుగుతోందో నాకు తెలుసు. పొద్దుటి నుంచీ కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

హిమాయత్‌నగర్: మారుతి షెడ్డు

హిమాయత్‌నగర్ దాకా వచ్చింది కారు. బస్టాండు ముందు మొదటి గేరు పడలేదు. బలవంతంగా వేస్తే పళ్ళు నూరింది. ఇంజను బందు చేసి, గేరు వేసి, స్టార్టు చేస్తే కప్పలాగా ఎగురుకుంటూ ఒక రేకుల షెడ్డు ముందు పోయి ఆగింది.

షెడ్డు మారుతిది. పల్చటి మనిషి, పెద్ద నోరు. మరాఠీవాడే అయినా భైంసాలో పని నేర్చుకున్నాడు కాబట్టి తెలుగు వచ్చు. ఆ తెలుగులో సగం తిట్లే ఉన్నాయి, ఎందుకంటే ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ అలాగే మాట్లాడేవాడట.

"కాయ్ పావ్ణా? క్లచ్చు మీద కాలు వెట్టి నిద్రవోతవా ఏంది?"

అప్పటికే ఉడుకుతున్నాను. "నిన్ననే గేర్‌బాక్సు దించి రిలీజు బేరింగు మార్చిండ్రు. నాదా తప్పు?"

"మార్చినోడు ఎవరు?"

"మనోడు."

"మీవోడైతె మరి నా దగ్గరికి ఎందుకొచ్చినవ్?" అని అమ్మ వైపు తిరిగి, అవ్వను పిలిచినట్టు, "ఆజీ, మీ కొడుక్కు కోపం జాస్తి, అకల్ కమ్మీ. బరోబర్ నా?"

"బరోబరే బిడ్డా" అంది అమ్మ. కన్నతల్లి!

అయితే ఆ మనిషి చేసిన మొదటి పని సీట్లో కూర్చోవడం. సేట్ చేయనిది అదే. గేరు లేకుండా క్లచ్చు తొక్కాడు, విన్నాడు. ఇంజను ఆపి గేరులో పెట్టి, క్లచ్చు తొక్కి పట్టుకుని మళ్ళీ స్టార్టు చేసి విన్నాడు. దిగొచ్చి, "రిలీజుది గాదు. పైలట్ బేరింగు. గేర్‌బాక్సు మళ్ళ దించాలె" అన్నాడు.

పైలట్ అంటే నాకు తెలిసినవాడు విమానంలో ఉంటాడు. మారుతి చాక్‌పీసుతో గోడ మీద బొమ్మ గీశాడు. ఇంజను చివర ఒక గుంట. ఆ గుంటలో ఈ బేరింగు. గేర్‌బాక్సు నుంచి వచ్చే ఇరుసు ముక్కు దీంట్లో కూర్చుంటుంది. క్లచ్చు తొక్కినప్పుడు ఇంజను తిరుగుతూనే ఉంటుంది, ఇరుసు ఆగాలి. రెండింటి మధ్య తగవు రాకుండా చూసేది ఈ చిన్నది. ఇదే అరిగిపోతే తగవు. మా ఇంట్లో నా భార్యకూ అమ్మకూ మధ్య నేను చేసే పనే. కాబట్టి దాని కష్టం నాకు అర్థమైంది.

పొద్దు నడినెత్తి మీద ఉండగా గేర్‌బాక్సు దిగింది. క్లచ్చు ప్లేట్లు ఊడదీశారు. మారుతి టార్చి వేసి, నన్ను కూడా కిందికి రమ్మన్నాడు. వెల్లకిలా పడుకుని చూశాను.

గుంట నిండా నీలం రంగు గ్రీజు. నిగనిగలాడుతోంది. కొత్తది. మారుతి వేలితో తోడి తీస్తే దాని వెనక బేరింగు కనపడింది. పైమూత లేదు. లోపలి గుండ్లలో కొన్ని పొడి అయిపోయాయి, కొన్ని అటూ ఇటూ దొర్లుతున్నాయి.

"సూసిండు పావ్ణా" అన్నాడు మారుతి, మొదటిసారి నవ్వకుండా. "మీవోడు దీన్ని సూసిండు. సూసి, గ్రీజు కూరి మూసిండు. ఊరు దాటెదాంక సప్పుడు రావొద్దని."

కారు కింద పడుకుని ఉన్నవాడు కోపంతో లేవకూడదు. లేచాను. నుదురు ఇనుముకు తగిలి బొప్పి కట్టింది. ఆ బొప్పి కూడా సేట్ లెక్కలోకే వేశాను. తెలియక చేసినవాణ్ణి తిట్టి ఊరుకుంటాం. వీడు మా అమ్మ మొక్కు విన్నాడు. మీ అమ్మ మా అమ్మ కాదా అన్నాడు. అని, గుంటలో గ్రీజు కూరాడు.

బయట అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెదవులు ఎండిపోయాయి.

"గోళీ ఏస్కో, ఇంత అన్నం తిను. అమ్మవారేం అనదు" అన్నాను.

"అమ్మవారు అనదు. నేనంట."

పోలెలు

కొత్త బేరింగు నాందేడులోనే దొరుకుతుంది. మారుతి ఫోను చేసి నంబరు చెప్పాడు. అక్కడి పద్ధతి నాకు నచ్చింది. దుకాణంవాడు దాన్ని తెచ్చి ఎర్ర బస్సు కండక్టరు చేతిలో పెడతాడు, కండక్టరు ఇక్కడ దించుతాడు. ఆ ఎర్ర బస్సుల్ని వాళ్ళు లాల్ పరీ అంటారు. ఒళ్ళంతా సొట్టలున్న దేవకన్యలు. బస్సు వచ్చేలోగా పాతదాన్ని బయటికి లాగాలి.

లాగడం కాదు, నెట్టాలి. బేరింగు గుంటలో బిగుసుకుని ఉంటుంది, వెనక నుంచి పట్టుకోవడానికి సందు లేదు. అందుకని దాని బెజ్జంలో నుంచి గుంట నిండా గ్రీజు కూరి, సరిగ్గా ఆ బెజ్జానికి సరిపోయే కడ్డీ పెట్టి సుత్తెతో కొడతారు. గ్రీజు పోవడానికి దారి లేక వెనక నుంచి బేరింగునే బయటికి తోస్తుంది. మంచి ఉపాయం. బేరింగు మంచిదైతే! మాదాంట్లో సగం గుండ్లే లేవు. కొట్టగానే గ్రీజంతా ఆ సందుల్లోంచి పిచికారీలా వచ్చి నా మూతి మీద పడింది.

"హోళీ అయింది" అన్నాడు మారుతి. "పావ్ తే."

బేకరీ నుంచి పావు రొట్టె తెచ్చాను. నీళ్ళలో తడిపి కూరాడు. అది మరీ మెత్తన. కొడితే జావలాగా కారింది. మూడోసారి ముతక కాగితం. చిరిగిపోయింది. మారుతి తన భైంసా ఉస్తాద్‌ను, ఆ ఉస్తాద్ ఉస్తాద్‌ను తెలుగులో తలుచుకున్నాడు.

"గట్టిగుండాలె, జిగట గూడ ఉండాలె. గోధుమపిండి, బెల్లం అసొంటిది..." అంటూ ఆగిపోయాడు.

ఆయన చూపు ఎక్కడ ఆగిందో నేను చూశాను. అమ్మ కూడా చూసింది. డబ్బా మీద రెండు చేతులూ వేసింది.

"ఏయ్" అన్నాను. "నైవేద్యం అది."

"నేనేమన్న?" అన్నాడు మారుతి. "నేనేం అన్లే ఆజీ."

ఎండ షెడ్డు రేకుల మీద నుంచి దిగిపోయింది. రోడ్డు మీద పశువులు ఇంటికి మళ్ళుతున్నాయి. ఈ పొద్దుకు మాహూరు చేరం. అంటే ఆ పోలెలు పాసివి. అమ్మవారికి పెట్టకూడదు. ఆవిడ పేరున చేసినవి కాబట్టి మేమూ తినకూడదు. అలాంటివాటిని మా వైపు ఆవుకు పెడతారు. రోడ్డు మీద పోతున్న ఆవుల్ని అమ్మ చూస్తూనే ఉంది, చివరిది కనుమరుగయ్యేదాకా. ఒక్కదాన్నీ పిలవలేదు.

"గంగాధర్, నన్ను లేపు" అంది.

లేపాను. కుంటుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. డబ్బా మూత తీసింది. పొద్దున కాల్చిన నెయ్యి వాసన ఆ డీజిలు కంపులో ఒక్కసారి లేచింది. చిన్నమ్మ మోకాళ్ళ నొప్పులతో పొయ్యి ముందు కూర్చుని చేసినవి.

"పాసివైతే ఆవుకు వెడతం గదా. ఆవు మనల్ని సాకుతది. ఇది నన్ను మోస్తున్నది. దీనికే వెడదాం" అంది. ఒక పోలెను కళ్ళకద్దుకుని మారుతి వైపు చాపింది. "తీస్కో బిడ్డా. సుత్తె మాత్రం వీనికియ్యి. పొద్దటి సంది పండ్లు కొరుకుతున్నడు, కోపమన్న దిగుతది."

మారుతి ముందుకొచ్చాడు. చెప్పులు విడిచాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కొచ్చి, రెండు చేతులతో పోలె అందుకుని, కుంకుమ పెట్టుకున్నంత జాగ్రత్తగా కారు కిందికి దూరాడు. పోలెను పూర్ణంతో సహా పిసికి ముద్ద చేసి గుంటలో కూరాడు. కడ్డీ పెట్టి పట్టుకున్నాడు.

నేను కొట్టాను. ఒక దెబ్బ సేట్‌కు. ఒక దెబ్బ సేట్ మేనత్తకు. ఒక దెబ్బ ఆ రెండు గ్లాసుల చాయ్‌కు. "ఇంకో పోలె" అన్నాడు మారుతి. కూరాడు. కొట్టాను. మనోడు అన్నందుకు నాకు ఒకటి. "కదిలింది!" అని అరిచాడు. ఇంకో పోలె. ఇంకో దెబ్బ. బేరింగు టక్కున ఊడి మారుతి ఛాతీ మీద పడింది. దాని గుండ్ల సందుల్లో శనగపప్పు, బెల్లం.

"తిన్నదా?" అని బయట నుంచి అమ్మ.

"తిని బయటికొచ్చింది ఆజీ" అన్నాడు మారుతి.

గుంటను డీజిలుతో కడిగి, గుడ్డతో తుడిచాడు. బస్సు వచ్చింది, కండక్టరు బేరింగు ఇచ్చి, "మావ్శీచీ గాడీ హీచ్ కా?" అని, పెద్దమ్మ బండి ఇదేనా అని అడిగి పోయాడు. బస్టాండులో అప్పటికే కథ తెలిసిపోయింది. కొత్తదాన్ని మారుతి పక్కనే ఉన్న కుల్ఫీ దుకాణం ఐసు డబ్బాలో, కుల్ఫీల మధ్య పెట్టాడు. చల్లబడితే కాస్త కుదించుకుని సులువుగా కూర్చుంటుందట. అలాగే కూర్చుంది. లోపలి చుట్టు మీద దెబ్బ పడకుండా, బయటి చుట్టు మీద మాత్రమే ఆనే గొట్టం పెట్టి మెల్లమెల్లగా కొట్టాడు. ఈసారి సుత్తె నా చేతికి ఇవ్వలేదు.

మాహూరు

గేర్‌బాక్సు మళ్ళీ ఎక్కించేసరికి రాత్రయింది, మారుతి ఇంట్లోనే ఉన్నాం. అమ్మ బెల్లం నీళ్ళు తాగడానికి మాత్రం ఒప్పుకుంది, అదీ మారుతి భార్య కాంతాబాయి "నువ్వు పడిపోతె నైవేద్యం ఎవ్వరు పెడ్తరు మావ్శీ?" అని దబాయిస్తే. నేను అడిగితే వినని మాట పరాయి మనిషి చెబితే విన్నది. పొద్దున్నే ఆ ఇంటి పొయ్యి మీద మళ్ళీ పోలెలు. చిన్నమ్మ స్థానంలో కాంతాబాయి ఒత్తింది. తిట్టడానికి మేనమామ లేకపోయినా ఆవిడకు అత్తగారు ఉంది కాబట్టి ఆనవాయితీ తప్పలేదు.

క్లచ్చు తొక్కాను. గేరు వెన్నలో వేలు దిగినట్టు పడింది. గోకుందలో చాయ్‌కి ఆపినప్పుడు కావాలనే మళ్ళీ మళ్ళీ తొక్కి విన్నాను. ఏ అరుపూ లేదు. అరుపు లేకపోయేసరికి సేట్ మీద కోపం ఇంకా స్పష్టంగా వినపడసాగింది. ఇంత చిన్న పని. గేర్‌బాక్సు దించే ఉంది. బేరింగు కళ్ళ ముందే ఉంది.

మాహూరులో అమ్మ మొదటి మెట్టు మీద కూర్చుని, ఆ మెట్టుకే పసుపు రాసింది. డోలీ వాళ్ళు మోస్తామంటే, "మోసుడు మొక్కుల లేదు" అంది. డబ్బా నెత్తిన పెట్టుకుని నేనే ఎక్కాను. పైన రేణుకమ్మకు పోలెలతో పాటు తాంబూలం పెడతారు. ఆకు, వక్క అన్నీ కలిపి రోట్లో మెత్తగా దంచి పెడతారు, ఉత్త ఆకులు కాదు. దంచే చప్పుడు వింటుంటే నా చేతిలో సుత్తె గుర్తొచ్చింది. సేట్ మాత్రం దాని కంటే ముందే గుర్తొచ్చాడు. గర్భగుడి ముందు నిలబడి ఒక మెకానిక్కును తిట్టుకున్నవాణ్ణి ఆ కొండ మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

దిగొచ్చి ప్రసాదం అమ్మ చేతిలో పెట్టాను. తినడానికి నోరు తెరిస్తే పెదవి చిట్లి రక్తం వచ్చింది. తుడుచుకుని తింది. ఆ తర్వాత గోళీ. నేను పక్కకు తిరిగి చెప్పుల దుకాణం వైపు చూశాను.

తిరుగుదారి

అమ్మకు ఒక నియమం ఉంది. చెయ్యి చాపినవాళ్ళకు ప్రసాదం లేదనకూడదు. తిరుగుదారిలో కాగితాలు చూపించమన్న పోలీసుకు పెట్టింది. కిన్వట్‌లో పార్కింగు కోసం నన్ను తిట్టినవాడికి పెట్టింది. హిమాయత్‌నగర్‌లో కాంతాబాయి కొంగు నిండా పెట్టింది.

మారుతి నాకు పాత బేరింగు రుమాల్లో కట్టి ఇచ్చాడు. "పావ్ణా, నాందేడుల కొట్లాడకు. నీకు మాటలొస్తయ్, చేతులు రావు."

నాందేడు చేరేదాకా మాటలే సిద్ధం చేసుకున్నాను. బోధన్ పెళ్ళిళ్ళలో టెంటు కింద నేను పేల్చే మాటలకు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా నవ్వుతారు. వాటిలో మంచివి ఏరి పెట్టుకున్నాను. దుకాణం ముందు కారు ఆపగానే సేట్ పొట్ట బయటికొచ్చింది, వెనక సేట్.

"అరే బావా! దర్శనం మంచిగైందా? చాయ్..."

రుమాలు విప్పి బేరింగు చూపించాను. ఏరి పెట్టుకున్న మాట ఒక్కటీ రాలేదు. "సూసినవా, సూడలేదా?" అని మాత్రం అడిగాను.

సేట్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "సూసిన. ఆ పొద్దు కొత్తది దొరకలే బావా. మాహూర్ దాంక పోతదనుకున్న."

"మరి జెప్పకపోతివి?"

"జెప్తె నువ్వు ఇంకో దుకాణం పోతవు గద."

అంత మామూలుగా అన్నాడు. నా చెయ్యి లేచిందేమో నాకు తెలియదు. "గంగాధర్, ఇటు తే" అని కారులో నుంచి అమ్మ పిలిచింది. రుమాలు ఆమెకిచ్చాను. అద్దం దించి, ఒళ్ళో ఉన్న ప్రసాదం ఆకును విప్పింది. సేట్‌కు తాంబూలం వాసన తగిలింది. ఎంతైనా అలవాటు. చెప్పులు విడిచి, కుడిచేతి కింద ఎడమచెయ్యి పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"అమ్మా, ఇంత ప్రసాదం."

అమ్మ ఆ చేతిని చూసింది. ఆకును మళ్ళీ మడిచింది. రుమాల్లో నుంచి బేరింగు తీసి, శనగపప్పు ఎండిపోయి ఉన్న ఆ ఇనుమును ఆ అరచేతిలో పెట్టింది.

"నా పోలెలు దీనిల ఉన్నయ్. మనోడివి గదా, ముందుగాల ఇది మింగు" అంది. నా వైపు తిరిగి, "పోనియ్" అంది.

క్లచ్చు తొక్కాను, గేరు వేశాను. కారు చప్పుడు చేయకుండా కదిలింది. అద్దంలో చూస్తే సేట్ ఇంకా వంగే ఉన్నాడు, రెండు చేతులూ అలాగే చాపి.